దూసి ఇంటిపేరు: సరిహద్దు కాగితాల్లో వెతుకులాట, పని డైరీ

'దూసి' అనే ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, ఇచ్ఛాపురం దగ్గరి ఆంధ్ర-ఒడిశా సరిహద్దు గీతకు అటూ ఇటూ ఎలా పరుచుకుందో పటం గీయడం ఈ పని. బరంపురంలో కూర్చుని చేస్తున్నది కాబట్టి ఒడియా కాగితాలే ఎక్కువ. ఇంకే అరుదైన ఇంటిపేరునైనా ఇదే దారిలో వెతకొచ్చు, అక్షరాలు మార్చుకుంటే చాలు.

మొదటి పటం చెత్తబుట్టలోకి పోయింది. అందులో ఇంటిపేరు ఇచ్ఛాపురం దాకా చుక్కలు చుక్కలుగా వచ్చి, రాష్ట్రం గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పాతిక కిలోమీటర్ల అవతల బరంపురంలో సున్నా. పెళ్లి సంబంధాలు, బేరాలు, రోజూ తిరిగే రైళ్లు ఉన్నచోట మనుషులు అలా ఆగరు. అక్కడ ఆగింది తెలుగు లిపి. పని మళ్లీ మొదటికొచ్చింది.

ఒక కట్టుబాటు ముందే చెప్పాలి. వీధివారీ ఇళ్ల సంఖ్య ఇక్కడ రాయడం లేదు. అరుదైన ఇంటిపేరు పక్కన వీధి పేరు పెడితే అది చిరునామా అయిపోతుంది. ఈ డైరీలో మొత్తాలు రూపాలవి, పేజీలవి, గంటలవి మాత్రమే.

దశ 1: ఓటరు జాబితాలో సున్నా ఎందుకు వచ్చింది

కారణాలు రెండు, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. జాబితా పీడీఎఫ్‌లో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. అందులో ఏం వెతికినా సున్నానే వస్తుంది. బొమ్మను అక్షరాలుగా మార్చాక కూడా సున్నానే వచ్చింది, ఎందుకంటే వెతికిన రూపం ఒక్కటే: తెలుగు 'దూసి'ని ఉన్నదున్నట్టు ఒడియా లిపిలో పెట్టింది.

ఒడియా మాటలో ఇ-ఈ, ఉ-ఊ తేడా వినపడదు. శ, ష, స మూడక్షరాలూ ఉన్నాయి, పలికేది మాత్రం మూడింటినీ 'స' లాగే. తెలుగింటి పేరు చెవిన పడ్డప్పుడు రాసేవారు తమకు అలవాటైన అక్షరం వేస్తారు. ఇక మొదటి అక్షరం. పేరు విని రాసినవారు 'ద' వేస్తారు. ఇంగ్లీషు ఫారం చూసి రాసినవారు 'డి'ని బట్టి 'డ' వేస్తారు. లెక్క ఇది:

1. ద లేదా డ: 2
2. ఉ లేదా ఊ: 2
3. స, శ, ష: 3
4. ఇ లేదా ఈ: 2

2 × 2 × 3 × 2 = 24. రెండక్షరాల ఇంటిపేరుకు ఒడియాలో 24 రూపాలు. వాటిలో ఒక్కటే వెతికి 'లేదు' అని పటం గీశాం.

దూసి నయం. రెండక్షరాలకూ గుణింతం ఉంది, తలకట్టు 'అ' లేదు. ఒడియా వాళ్లు ఆ 'అ'ను 'ఒ'కు దగ్గరగా పలుకుతారు, దాంతో ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో దారి పడుతుంది. మీ ఇంటిపేరులో వ, య, ఎ, ఒ ఉంటే ఇవి కూడా కలుపుకోండి:

- వ: 'బ' అవుతుంది, లేదా 'భ', లేదా ఒడియాలో విడిగా ఉన్న 'వ' అక్షరం. సంస్కృత మాటైతే 'బ' వైపు, ఇంగ్లీషులోంచి వస్తే 'భ' వైపు మొగ్గు. వీడియోను కూడా ఒడియాలో 'భిడిఓ' అనే రాస్తారు.
- య: ఒడియాలో రెండు అక్షరాలున్నాయి, ఒకదాన్ని 'జ' అనే పలుకుతారు.
- ఎ-ఏ, ఒ-ఓ: హ్రస్వానికి వేరే అక్షరం లేదు.

ఇప్పటికి రూపాలు: 24.

దశ 2: బొమ్మలోంచి అక్షరం

బొమ్మలోని రాతను అక్షరాలుగా చదివే సాఫ్ట్‌వేరు టెసరాక్ట్. అందులో ఒడియా, తెలుగు, బెంగాలీ మూడు భాషల ఫైళ్లూ దొరుకుతాయి. పేజీని అలాగే ఇస్తే పనికిరాలేదు. ఓటరు జాబితా పేజీలో అడ్డంగా మూడు, నిలువుగా పది, మొత్తం 30 గడులు. యంత్రం అడ్డంగా చదువుకుంటూ పోయి ఒకాయన పేరుకు పక్క గడిలోని వేరొకాయన తండ్రి పేరు తగిలించింది. మార్చిన పద్ధతి:

1. పీడీఎఫ్ పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున బొమ్మగా తీయాలి. ఏ4 పేజీ 2480 × 3508 చుక్కలు వస్తుంది.
2. 30 గడులనూ విడివిడిగా కోయాలి. అంచుల కొలత ఒక పేజీ మీద సరిచూసుకుంటే ఆ భాగమంతటికీ (ఒక పోలింగ్ కేంద్రం జాబితా) సరిపోతుంది.
3. ఒక్కో గడిని టెసరాక్ట్‌కు 'ఒకే ముద్దగా ఉన్న పాఠం' అని, అంటే 6వ పేజీ విధానంలో ఇవ్వాలి.
4. ఫలితం పక్కన భాగం నంబరు, పేజీ నంబరు, గడి నంబరు రాసుకోవాలి. ఇది మానేస్తే తర్వాత సరిచూడ్డానికి వెనక్కి పోలేరు.

150 చుక్కలకు దించి సమయం కలిసొస్తుందేమో చూశాం. అక్షరం కింద ఉండే ఉకారం కొమ్ము మాయమైపోయి 'దుసి' కాస్తా 'దసి' అయింది. ఆ కొమ్ము ఈ ఇంటిపేరుకు ప్రాణం, అది పోతే ఒడిశాలో ఇంటింటా ఉండే దాస్‌లోకి జారిపోతుంది. 300 కంటే తగ్గించవద్దు.

దశ 3: 256

ఒడియా రానివాళ్లు కూడా ఈ పనికి కూర్చునేలా చేసింది ఈ ఒక్క అంకె. యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ కంప్యూటరు వాడే సంఖ్యల పట్టికలో, ఒడియా వరసా తెలుగు వరసా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒడియా 'ద' సంఖ్య 2854, తెలుగు 'ద' సంఖ్య 3110. తేడా 256. గుణింతాలకూ అదే తేడా. స్ప్రెడ్‌షీటులో యూనికోడ్ ఫంక్షన్‌తో సంఖ్య తీసి, 256 కలిపి, యూనికార్ ఫంక్షన్‌తో మళ్లీ అక్షరంగా మారిస్తే ఒడియా జాబితా తెలుగు లిపిలోకి వచ్చి కూర్చుంటుంది.

ఎక్కడ చెడుతుందంటే: ఒడియాలో 'య' పలికే అక్షరం 2911, 'వ' కోసం వాడే అక్షరం 2929. వీటికి 256 కలిపితే తెలుగులో జోడీ లేని ఖాళీ గడి వస్తుంది, తెర మీద డబ్బా కనిపిస్తుంది. ఈ రెంటినీ ముందే విడిగా య, వలకు మార్చాలి. చుక్క ఉన్న డ, ఢలతో ఇంకో తలనొప్పి: కొన్నిచోట్ల ఒకే అక్షరంగా, కొన్నిచోట్ల అక్షరం వేరు చుక్క వేరుగా నిల్వ ఉంటాయి. చుక్క తీసేసి మామూలు డ, ఢలుగా చేసుకున్నాకే కలపండి.

తెలుగు లిపి జాబితాల్లోనూ ఒక్క రూపమే ఉంటుందనుకోవడం తప్పు. శ్రీకాకుళం వైపు జాబితాల్లో కొన్ని పేర్లు ఇంగ్లీషు నుంచి యంత్రం మార్చినవే, 'డుసి' లాంటివి అలాగే పుడతాయి. అవే 24. ఇంగ్లీషులో మొదటి ముక్కకు డు, డూ, ధు, ధూ అని పలికించే నాలుగు స్పెల్లింగులు, మధ్య హల్లుకు మూడు, చివరి అచ్చుకు మూడు: 4 × 3 × 3 = 36.

ఇప్పటికి రూపాలు: 24 + 24 + 36 = 84.

దశ 4: 84ను ఒకటి చేయడం

84 సార్లు వెతకడం పిచ్చిపని. మొదట సౌండెక్స్ పెట్టాం, అంటే ఇంగ్లీషు పేర్లకు పలుకును బట్టి సంకేతం ఇచ్చే పద్ధతి, అందరూ చెప్పేది అదే కాబట్టి. ఒడిశాలో దీన్ని ముట్టుకోవద్దు. సౌండెక్స్ మొదటి అక్షరం ఉంచి అచ్చులన్నీ పారేస్తుంది. దూసికి వచ్చే సంకేతం డి-200. దాస్‌కూ డి-200. దాశ్‌కూ, దోషికీ అదే. చివరికి డాకువాకు కూడా అదే, ఎందుకంటే 'క', 'స' ధ్వనుల ఇంగ్లీషు అక్షరాలకు సౌండెక్స్ ఒకే అంకె ఇస్తుంది. అరుదైన పేరు కోసం వల వేస్తే రాష్ట్రంలో సగం బుట్టలో పడినట్టయింది.

దాని బదులు మన గుమస్తాల పొరపాట్లకు సరిపడే కుదింపు మనమే రాసుకోవాలి:

1. డ, ధ, ఢ → ద
2. ఊ → ఉ, ఈ → ఇ
3. శ, ష → స
4. జంట హల్లు → ఒంటి హల్లు

84 రూపాలూ 'దుసి' అనే ఒక్కదానిలోకి వస్తాయి. దాస్ రాదు, దోషి రాదు, అచ్చు వేరు కాబట్టి. కుదింపు రూపం వేరే నిలువు వరసలో ఉంచండి. అసలు రాతను చెరపొద్దు. ఏ కాగితంలో ఏ స్పెల్లింగు ఉందో తర్వాత అదే పెద్ద ఆధారమవుతుంది.

దశ 5: ఇంటిపేరు ఏ గడిలో ఉంది

ఎక్కువ రోజులు మింగిన దశ ఇదే. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఒడియా ఫారంలో పేరు ముందు, సంజ్ఞ (ఇంటిపేరును అక్కడ అలా అంటారు) వెనక. 'దూసి ఫలానా రావు' అని రాసిస్తే అక్కడ దూసి పేరవుతుంది, రావు ఇంటిపేరవుతుంది. తర్వాతి తరం పిల్లల బడి కాగితాల్లో రావు మాత్రమే మిగిలి దూసి ఊడిపోతుంది. ఇలా ఇంటిపేర్ల స్థానంలో కూర్చునే మాటలు బరంపురం, పర్లాకిమిడి కాగితాల్లో కొల్లలు: రావు, మూర్తి, రెడ్డి, నాయుడు, ఆచారి, పాత్రో, దొర. బరంపురం ఠాకురాణి యాత్రలో దేశిబెహరా అంటే నేత కులానికి పెద్ద. అదొక హోదా, దాన్ని ఇంటిపేరుగా లెక్కేస్తే అంతే సంగతులు.

ఈ గందరగోళానికి అందరికీ తెలిసిన పేరే ఉదాహరణ. బరంపురంలో 1894 ఆగస్టు 10న పుట్టిన వి.వి. గిరి ఇంటిపేరు వరాహగిరి. పూర్తి పేరు వరాహగిరి వెంకటగిరి. దేశమంతా చివరి 'గిరి'నే ఇంటిపేరు అనుకుంది. దశనామి సన్యాసుల పది పేర్లలోనూ గిరి ఒకటి, కాబట్టి 'గిరి' అని వెతికితే సంబంధం లేని మఠాలన్నీ తగులుతాయి. సంక్షిప్తంలో ఇంటిపేరు 'వి' ఒక్కటే మిగిలింది, ఒడియాలో అది 'భి'. వరాహగిరికి ఒడియా రూపాలు కట్టి చూడండి: వ మూడు రకాలు, గి రెండు, రి రెండు, కలిపి రాస్తారా విడదీసి రాస్తారా రెండు. 3 × 2 × 2 × 2, మళ్లీ 24.

పెట్టుకున్న నియమాలు:

1. కుదింపు రూపాన్ని పేరులోని మొదటి మాటతోనూ చివరి మాటతోనూ పోల్చాలి. తండ్రి లేదా భర్త పేరు గడిలో కూడా.
2. చివరి మాట పై జాబితాలోదైతే దాన్ని వదిలి మొదటి మాట తీసుకోవాలి.
3. ఆడవాళ్ల పేర్లకు భర్త గడి చూడాలి. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, తండ్రి పేరున్నవారికీ భర్త పేరున్నవారికీ ఒకే లెక్క కట్టకూడదు.
4. పొడి అక్షరం మాత్రమే ఉంటే లెక్కలో వేయకూడదు, 'వాయిదా' వరసలో పెట్టాలి.

నాలుగోది కష్టమే అయినా తప్పదు. 'డి.' అని ఉంటే అది దూసి కావచ్చు, దాసరి కావచ్చు, దుంపల కావచ్చు. వాయిదా పేర్లు తేల్చడానికి అదే ఇంటి నంబరులో పెద్దవాళ్ల పేరు పూర్తిగా ఉందేమో మొదట చూడాలి, తర్వాత శుభలేఖలు. పాత శుభలేఖను మించిన కాగితం లేదు: ఇంటిపేరు విడమరిచి ఉంటుంది, స్వగ్రామం ఉంటుంది, వధూవరుల తాతల పేర్లుంటాయి, తేదీ ఉంటుంది. ఇనప్పెట్టెలో ఎవరూ దాచరు కానీ పెళ్లి ఆల్బం అట్ట మధ్య తరచుగా దొరుకుతుంది.

దశ 6: భూమి కాగితాలు

ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఖతియాన్ (భూమి హక్కు పత్రం) తెరిస్తే రయతు పేరు, తండ్రి పేరు, జాతి, నివాసం ఒకే గడిలో ఉంటాయి. జాతి రాసే చోటు ఉంది కాబట్టి ఇంటిపేరు అక్కర్లేదనుకుని వదిలేసిన ఖతియాన్లు ఉన్నాయి. తెలుగువాళ్ల పేర్లకు ఇది ఎక్కువ దెబ్బ. నివాసం దగ్గర 'నిజిగాఁ' అని ఉంటే అదే ఊరివాడని అర్థం. వేరే ఊరు రాసి ఉంటే దాన్ని పట్టుకోండి, వలస దారి అక్కడే కనిపిస్తుంది. ఆంధ్ర వైపు మీభూమిలో అడంగల్, 1-బి చూడాలి. 1-బిలో తండ్రి పేరు గడి ఉంది, జాతి ఉండదు.

పాత కాగితాలకు పోగానే రెండో పెద్ద పొరపాటు బయటపడింది. 'గంజాం జిల్లా' అని కనిపించిన ప్రతి కాగితాన్నీ ఒడిశా వైపు వేసేశాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కూడా మద్రాసు కింద గంజాం జిల్లానే. ఆ రోజు తర్వాత ఇవతల మిగిలినవి విశాఖపట్నం జిల్లాలో చేరాయి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. పర్లాకిమిడి పట్టణం అవతలికి పోయింది, జమీందారీలో కొంత మైదానం ఇవతల ఉండిపోయింది. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న వచ్చాయి.

అంటే ఒకే ఊరు, ఎవరూ కదలకుండానే, మూడు జిల్లాల పేర్లతో కనిపిస్తుంది. దాన్ని వలస అని రాసుకుంటే పటం నిండా లేని ప్రయాణాలే. చేసిన మార్పు:

1. 'కాగితం మీది జిల్లా', 'నేటి జిల్లా', 'నేటి రాష్ట్రం' మూడు వేర్వేరు వరసలు.
2. తేదీ లేని కాగితానికి రాష్ట్రం వరస ఖాళీ.
3. ఇంగ్లీషు పాత రాతలకు చిన్న పట్టిక: చికాకోల్ అంటే శ్రీకాకుళం, చికాకోల్ రోడ్డు అంటే ఆమదాలవలస స్టేషను.

దశ 7: పుట్టుక

ఇంటర్నెట్‌లో తెలుగు లిపిలో 'దూసి' అని వెతికితే వచ్చేవి కత్తులు. 'కత్తి దూసి', 'ఒర నుంచి దూసి'. క్రియాపదం ఇంటిపేరును మింగేస్తుంది. వెతుకులాటలో ఊరి పేరో, 'ఇంటిపేరు' అన్న మాటో జతచేస్తేనే చెత్త తగ్గుతుంది.

ఆ కత్తి నుంచే కథ కూడా పుడుతుంది: పూర్వం ఎవరో రాజుగారి కొలువులో కత్తి దూశాడు, వంశానికి పేరొచ్చింది అని. వినడానికి బాగుంటుంది. అర్థం తెలిసిన ప్రతి ఇంటిపేరుకూ ఇలాంటి వీరుడు ఒకడు దొరుకుతాడు, కాగితం మాత్రం దొరకదు. పక్కన పెట్టాం.

ఊరు ఉంది. ఆమదాలవలస మండలంలో దూసి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ల మధ్య రైల్వే స్టేషను. కానీ ఊళ్ల జాబితాలో ఇంకో దూసి తగులుతుంది, తమిళనాడులో కాంచీపురం దిక్కున, మామండూరు పక్కన. పటం తయారుచేసే సాఫ్ట్‌వేరుకు ఊరి పేరు మాత్రమే ఇస్తే చుక్క అక్కడ పడొచ్చు. అక్షాంశ రేఖాంశాలు చేత్తో ఇవ్వండి.

ఊరి పేరు ఇంటిపేరయితే దానికో తీరుంది. దూసిలో ఉన్నన్నాళ్లూ ఎవరినీ దూసివాడు అనరు, అందరూ దూసివాళ్లే. ఊరు వదిలి పక్క ఊళ్లో దిగినప్పుడు 'దూసివారు' అవుతారు. కాబట్టి పటంలో ఊరి దగ్గర చుక్కలు పలచగా, చుట్టూ చిక్కగా ఉంటే కంగారు పడక్కర్లేదు, ఊరి పేరుకు అదే సాక్ష్యం. ఇంకో పరీక్ష గోత్రాలు, కులాలు. బిరుదు నుంచి వచ్చిన ఇంటిపేరు ఒకే వంశంలో, ఒకే గోత్రంలో ఉంటుంది. ఊరి నుంచి వచ్చినది ఆ ఊరు వదిలిన ఎవరికైనా అంటుకుంటుంది, కాబట్టి సంబంధం లేని కులాల్లో కనిపిస్తుంది. ఒకే ఇంటిపేరు కనుక ఒకే వంశం అని చెట్టు గీయడం మొదలుపెట్టకండి. రెండు ఇళ్లను కలపాలంటే గోత్రం, స్వగ్రామం, కనీసం ఒక తాత పేరు, మూడూ కలవాలి.

దశ 8: ఎంత వదిలేశామో కొలవడం

1,200 పేర్ల భాగం అంటే 40 పేజీలు. కంటితో పేజీకి 2 నిమిషాలు, భాగానికి 80 నిమిషాలు. 25 భాగాలు, 1,000 పేజీలు, 33 గంటల 20 నిమిషాలు. యంత్రం చదివినా నమూనా భాగాలు కంటితో చదవాల్సిందే, ఒకరు చాలరు. ఇద్దరు విడివిడిగా, ఒకరి గుర్తులు ఇంకొకరికి కనపడకుండా చదవాలి.

చెరువులో చేపలను రెండుసార్లు పట్టి మొత్తం ఎన్నో అంచనా వేసే లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఉదాహరణకు మొదటివారు 18 పట్టారు, రెండోవారు 15, ఇద్దరికీ దొరికినవి 12. కలిపితే 21 దొరికినట్టు. ఉండాల్సినవి 18 × 15 ÷ 12 = 22.5. ఒకటో రెండో ఇద్దరి కంటా తప్పించుకున్నాయి. ఇద్దరికీ దొరికినవి 5 లోపుంటే ఈ లెక్క నమ్మకండి, ఇంకో భాగం కలపండి. ఇద్దరూ ఒకే ఒడియా రూపానికి అలవాటుపడితే ఒకే పేరును ఇద్దరూ వదిలేస్తారు, అప్పుడు లెక్క తక్కువ చూపిస్తుంది. అందుకే 24 రూపాల చీటీ ఇద్దరి ముందూ ఉండాలి.

దశ 9: రెండో పటం, రైలు పట్టాలు

పటాలు గీసే సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లో చుక్కలు వేస్తే బరంపురం మీద పెద్ద మచ్చ. 2011 జనగణనకే మూడున్నర లక్షలు దాటిన ఊరు అది, ఏ పేరైనా అక్కడ ఎక్కువే ఉంటుంది. ఒక్కో బ్లాకు లేదా మండలంలో పదివేల ఓటర్లకు ఎన్ని ఇళ్లో లెక్కించి రంగు వేశాం. 5 ఇళ్లకు తక్కువ ఉన్నచోట రంగు వేయలేదు, పక్క బ్లాకుతో కలిపేశాం. రెండు రాష్ట్రాల జాబితాలూ ఒకే ఏడాదివి కావాలి, లేకపోతే ఇల్లు మారిన కుటుంబం రెండు చోట్లా పడుతుంది. కొరాపుట్ వైపు కొఠియా ఊళ్లలాంటి చోట రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవారున్నారు, అక్కడి పేర్లను వయసు, తండ్రి పేరుతో జత చూసి ఒకటి తీసేయాలి.

గంజాం తీరం నుంచి వలస అంటే రంగూన్ గుర్తొస్తుంది, కానీ ఆ కాగితాలు ఇక్కణ్ణుంచి చేతికందవు. అందేది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ స్థిరపడ్డారు, జాబితాలు బెంగాలీలో. ఇక్కడ మూడు 'స'లకు మామూలు పలుకు 'శ'. బెంగాలీ 'ద' 2470, తెలుగు 'ద' 3110, కలపాల్సింది 640. మొదటి పేజీలకు అలవాటుకొద్దీ 256 కలిపితే ఒక్క తెలుగక్షరమూ రాలేదు, తెర నిండా గుజరాతీ ముక్కలు. సూత్రంలో అంకె మార్చాక సరిపోయింది.

ఇప్పటికి రూపాలు: 84 + 24 = 108. కుదింపు రూపం ఇంకా ఒకటే. వాయిదా వరసలో 'డి.'లు మిగిలే ఉన్నాయి, శుభలేఖలు చేతికొచ్చిన కొద్దీ ఒక్కొక్కటే తీస్తున్నాం.